లయ అనే మాటకు రెండర్థాలు



తెలుగులో డప్పును కొడతారు, గంటను కొడతారు. గుండె మాత్రం కొట్టుకొంటుంది. వ్యాకరణం చదువుకొన్నవారికి ఈ 'కొను' సంగతి తెలిసినదే. చేసిన పని చేసినవానికే చెందేటప్పుడు క్రియకు తోడుగా వచ్చే ధాతువు అది. వండుట వేరు, వండుకొనుట వేరు. డప్పు మ్రోగాలంటే వెలుపల ఒక చేయి ఉండాలి, ఆ చేతిలో పుల్ల ఉండాలి. గుండెకు అవేవీ అక్కరలేదని మన భాష ఎప్పుడో గ్రహించి, క్రియలోనే ఆ మాట పొదిగిపెట్టింది. ముప్పది యేండ్లు ఆత్మార్థకాన్ని పాఠం చెప్పినా, ఈ ఉదాహరణ నాకు బడిలో ఒక్కనాడూ తోచలేదు. ఒక పసిగుడ్డు విషయంలో నేను చేసిన పొరపాటు తర్వాత తోచింది. ఆ పొరపాటును గూర్చి, దాని వెనుక ఉన్న మా పండితుల అలవాటును గూర్చి ఈ టపా.

2009వ సంవత్సరం. అక్టోబరులో కృష్ణకు పెద్ద వరద వచ్చి అలంపురం దిక్కు ఊళ్ళు మునిగిన యేడు. ఆ వరదకు కొన్ని నెలల ముందు, మా ఆత్మకూర్‌లో నా దగ్గర చదువుకొన్న ఒక అబ్బాయి, భార్యనూ తల్లినీ వెంటబెట్టుకొని, చేతిలో ఒక కాగితంతో మా యింటికి వచ్చాడు. పాలమూరు పిల్లలలో చాలామందివలెనే అతడూ పూణేలో భవన నిర్మాణపు పనికి పోయినవాడు. భార్య కాన్పుకు ఊరికి వచ్చారు. పుట్టిన బిడ్డ పాలు సరిగా త్రాగడం లేదని హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో చూపిస్తే, గుండె నిమిషానికి 50 మార్లైనా కొట్టుకోవడం లేదన్నారు. అప్పుడే పుట్టిన బిడ్డ గుండె మామూలుగా 120 నుంచి 160 మార్లు కొట్టుకోవాలి. "కరెంటు లోపమున్నది, మెషీన్ పెట్టాలె" అని చెప్పి, ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చారట. వీళ్ళు "ఇంట్ల అడిగి వస్తం" అని తిరిగి వచ్చారు. అడగడానికి వచ్చినది నా దగ్గరకు.

కాగితంలో 'కంజెనిటల్ కంప్లీట్ హార్ట్ బ్లాక్' అని ఉన్నది. బ్లాక్ అనే మాట వాళ్ళకూ తెలుసు. "మా మామకు బ్లాకు అంటే అరువై యేండ్లకు వచ్చె, బీడీలు తాగిండు. ఇంత చిన్నపోరికి ఎట్లొచ్చె సార్?" అని అతని ప్రశ్న. రక్తనాళం పూడుకొనిపోవడం ఒకటి, తాళం వినబడకపోవడం ఒకటి, రెంటికీ జనం నోట ఒకే మాట. నాకు కూడ ఆనాడు ఆ భేదం తెలియదు. కాని తెలియదని అనడం పంతులుకు అంత తేలిక కాదు. పక్క వీధిలోని జీవశాస్త్రం మాష్టారి దగ్గర ఇంటర్మీడియట్ పుస్తకం తెప్పించి, వెదకి, గొంతు సవరించుకొని చెప్పాను. పేస్‌మేకర్ అంటే భయపడవలసినది కాదు, దానిని తెలుగులో లయారంభకం అంటారు, అని.

ముసలమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకొని ఊరకే వింటున్నది. చదువు లేని మనిషి. అయితే యేటేటా శివరాత్రికి హరికథలు విన్న మనిషి. "లయమంటే పోవుడే గద సారూ" అన్నది. "శివుడు లయకారుడంటరు. గా పోవుడును మొదలువెట్టే మిషనా, మా పోరికి పెడతమంటున్నరు?"

నా దగ్గర సమాధానం లేకపోలేదు. లయ శబ్దానికి తాళగతి అనీ, విలీనమనీ, వినాశమనీ అర్థాలున్నాయని, ఇక్కడ మొదటిదే గ్రాహ్యమని వివరించాను. నానార్థాలు చెప్పేకొద్దీ ఆమె ముఖం ఇంకా బిగుసుకొన్నది. వాళ్ళు హైదరాబాదుకు పద్దెనిమిది రోజులు వెళ్ళలేదు.

చివరకు వాళ్ళను కదిలించినది ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మ. ఆమె చెప్పినది నేను పక్కనుండి విన్నాను. "పైన తాళమేసేటాయన మంచిగనే ఏస్తున్నడు. నడుమ తీగ తెగింది. కిందోళ్ళకు ఇనొస్తలేదు. కిందోళ్ళు వాళ్ళ అందాజుకు వాళ్ళు మెల్లగ కొడుతున్నరు. గా మిషిను కిందోళ్ళకు తాళం అందిస్తది, గంతే." మరునాడు తెల్లవారే బస్సుకు వాళ్ళు బయలుదేరారు.

ఆ తర్వాత ఈ విషయం నన్ను వదలలేదు. దొరికినదల్లా చదివాను, వైద్యం చదివిన మా పాత విద్యార్థులను విసిగించాను. నర్సమ్మ చెప్పిన నాలుగు మాటలలో ఒక్కటీ తప్పు లేదని తెలిసింది.

తాళమేసే ఆయన ఉండేది గుండెలో కుడి కర్ణికకు పైన, ఊర్ధ్వ మహాసిర వచ్చి కలిసే చోట. ఇంగ్లండులో ఆర్థర్ కీత్, ఆయన దగ్గరి వైద్య విద్యార్థి మార్టిన్ ఫ్లాక్ కలిసి 1907లో ఈ కణుపును లోకానికి ప్రకటించారు. అంతకు ముందటి వేసవిలో, కీత్ సైకిలు మీద షికారుకు పోయి తిరిగి వచ్చేసరికి, నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికే ఒక చిన్న జంతువు గుండెలో ఫ్లాక్ దానిని చూచి ఉంచాడట. మన పుస్తకాలలో దాని పేరు సిరాకర్ణికా కణుపు. ఈ పేరును నేను తప్పుపట్టను. సిర, కర్ణిక, కణుపు అని విడదీస్తే అది ఎక్కడున్నదో పేరే చెబుతుంది. చెరకు కణుపు తెలిసిన పిల్లవానికి కణుపు కొత్త కాదు.

ఆ కణుపులోని కణం తనంతట తాను ఎట్లా కొట్టుకొంటుంది? ఇక్కడే అసలు వింత ఉన్నది. కణపు గోడకు లోపల పొటాషియం ఎక్కువ, వెలుపల సోడియం ఎక్కువ. ఈ తేడా ఊరకే నిలువదు. గోడలోని ఒక పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోస్తూ, రెండు పొటాషియం అయాన్లను లోనికి తెస్తూ ఉంటుంది. ఆ పంపుకు ఇంధనం ఏటీపీ. ఆ పదార్థాన్ని కండరంలో 1929లో కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన, అదే యేడు జర్మనీలో లోమన్. భీమవరంలో పుట్టిన మనిషి కండరంలో చూచిన వస్తువు ప్రతి పసిబిడ్డ గుండెలోనూ పంపు త్రొక్కుతున్నది. మన పాఠాలలో సుబ్బారావుగారి జీవిత చరిత్ర ఉంటుంది కాని ఈ ముక్క ఉండదు.

ఈ తేడా వలన గోడకు అటూ ఇటూ కొంత విద్యుత్ పీడనం ఏర్పడుతుంది. తాళం వేసే కణంలో అది దిగువకు దిగినప్పుడు సుమారు మైనస్ 60 మిల్లీవోల్టులు. టార్చిలైటులో వేసే సెల్లులో 1,500 మిల్లీవోల్టులుంటాయి. అంటే 'గుండెకు కరెంటు' అని మనం భయపడేది టార్చి సెల్లులో ఇరవై అయిదో వంతు.

మా పక్కన జూరాల ఉన్నది, ఊరూరా చెరువులున్నాయి. కనుక చెరువు పోలికతోనే చెబుతాను. చెరువు నిండితే అలుగు పారుతుంది. ప్రాజెక్టు నిండితే గేట్లెత్తుతారు. నరాలలోనూ కండరాలలోనూ ఉన్న తూములు చాలావరకు ఈ పద్ధతివే, మట్టం పెరిగితే తెరుచుకొంటాయి. తాళం వేసే కణంలో మరొక తూము ఉన్నది. అది మట్టం పడిపోతే తెరుచుకొంటుంది. ఎండినప్పుడు తెరుచుకొని, పై కాలువ నీటిని మెల్లగా లోనికి వదిలి, మట్టాన్ని కొంచెం కొంచెంగా లేపుతుంది. ఒక గుర్తు దాకా లేవగానే క్యాల్షియపు తూములు ఒక్కసారిగా తెరుచుకొంటాయి. అదే దెబ్బ. వెనువెంటనే పొటాషియం బయటికి పోయి మట్టం పడిపోతుంది. పడిపోయింది గనుక ఆ వింత తూము మళ్ళీ తెరుచుకొంటుంది. వెలుపలి చేయి అక్కరలేకపోవడానికి కారణం ఇది. 'కొట్టుకొను'లోని 'కొను' ఇది.

1979లో ఆక్స్‌ఫర్డులో హిలరీ బ్రౌన్, డారియో డిఫ్రాన్సెస్కో, సూసన్ నోబుల్ కుందేలు గుండెలోని కణుపులో ఈ ప్రవాహాన్ని వర్ణించారు. వాళ్ళు వెదికినది, అడ్రినలిన్ గుండెను ఎట్లా వేగిరపెడుతుందనే ప్రశ్నకు జవాబు. భయం వేస్తే గుండె దడదడలాడేది ఈ తూము తొందరగా తెరుచుకోవడం వలన కూడ. ఆ ప్రవాహానికి వాళ్ళు పెట్టుకొన్న పేరు ఫన్నీ కరెంట్. వింత కరెంటు! లోకమంతటా వైద్యశాస్త్ర గ్రంథాలలో నేటికీ అదే పేరు. దాని సంకేతంలోని 'ఎఫ్' ఫన్నీలోని 'ఎఫ్'. 1998లో ఆ తూముకు సంబంధించిన జన్యువులు దొరికాయి. ఆ తూమును మాత్రమే కొంచెం మూసి గుండె వేగాన్ని తగ్గించే ఐవబ్రడీన్ మందు 2005లో ఐరోపాలో అనుమతి పొందింది. ఇంత జరిగినా పేరు వింతే. ఆక్స్‌ఫర్డు పండితులకు లాటిను రాక ఆ పేరు పెట్టలేదు కదా!

అదే పని మనకు అప్పగిస్తే ఏం పేరు పెట్టేవాళ్ళం? నాకు నేనే ఆ రోజులలో ఒక పేరు అల్లుకొన్నాను. 'అత్యంతధ్రువణోద్దీపిత మిశ్రాయాన ప్రవాహం'. వ్యాకరణ దోషం లేదు. సమాసం బిగువుగా ఉన్నది. దానిని ఏ తల్లికైనా చెబితే బిడ్డను చంకన వేసుకొని పారిపోతుంది.

శాస్త్రం పట్ల న్యాయంగా ఇంకొక మాట కూడ చెప్పాలి. ఈ వింత తూము ఒక్కటే గుండెను నడుపుతుందని అందరూ ఒప్పుకోరు. దానిని మందుతో మూసినా గుండె మందగిస్తుందే గాని ఆగదు. కణంలోపల క్యాల్షియం నిలువలు తమంతట తాము జారుతూ మరొక గడియారంవలె పనిచేస్తాయని అమెరికాలో లకట్టా మొదలైనవారి వాదం. రెండూ ఒకదానినొకటి ఆనుకొని నడుస్తాయని ఇప్పుడు చాలామంది అంటున్నారు.

ఇక పసివాళ్ళ సంగతి. కొట్టుకొనే గుణం కణుపు ఒక్కదాని సొత్తు కాదు. గర్భంలో మూడు వారాలు దాటేసరికి పిండపు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అందులో పనుల విభజన సరిగా కుదిరి ఉండదు. ఎలుక పిల్లల జఠరిక కణాలలో ఈ వింత ప్రవాహం ఉంటుంది. అవి పెరిగేకొద్దీ, ఆ తూము తెరుచుకోవాలంటే మట్టం ఎన్నడూ దిగనంత లోతుకు దిగాలి. అంటే తూము ఉన్నా పని మాని కూర్చుంటుంది. మనుషుల విషయం తెలుసుకొనేందుకు ఒక దారి ఉన్నది. పసిపిల్లలకు గుండె శస్త్రచికిత్స చేసేటప్పుడు, రక్తాన్ని యంత్రానికి మళ్ళించే గొట్టం దూర్చడానికి కుడి కర్ణిక కొసన చిన్న ముక్క కత్తిరిస్తారు. మామూలుగా పారవేసే ఆ ముక్కను తల్లిదండ్రుల అనుమతితో తీసుకొని, కణాలను విడదీసి, ఒక్కొక్క కణానికి గాజుసూది ఆనించి ప్రవాహాన్ని కొలుస్తారు. ఆ సూది పద్ధతిని రూపొందించినందుకు నేహర్, సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. తాళం వేయడం తమ పని కాని కర్ణిక కణాలలో సైతం ఈ వింత ప్రవాహం కనబడుతుంది. జబ్బుతో అలసిన పెద్దవాళ్ళ గుండెలో, జఠరికలలో, అది మళ్ళీ ఎక్కువ అవుతుందట. ముసలితనంలో పసితనం వస్తుందని మనం అనే మాట గుండెకు కూడ వర్తిస్తుందని అనుకోలేదు.

ఇది తెలిసిన తర్వాత ఆ పద్దెనిమిది రోజులు నాకు మరొక విధంగా కనబడ్డాయి. ఆ బిడ్డ గుండెలో పై కణుపు సరిగానే తాళం వేస్తున్నది. కర్ణికకూ జఠరికకూ నడుమనున్న కణుపు దెబ్బతిన్నది. తల్లి రక్తంలోని కొన్ని ప్రతిరక్షకాలు మాయ దాటి పోయి ఆ నడిమి కణుపును పాడుచేయడం ఈ జబ్బుకు ముఖ్యమైన కారణం. ఆ తల్లికి చాలాసార్లు తనలో అవి ఉన్నట్లే తెలియదు. ఈ జబ్బు సుమారు 15,000 నుంచి 20,000 కాన్పులలో ఒకరికి వస్తుంది. మా వీధిలో మాత్రం ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినరానిది తిన్నదని తేల్చేశారు. ఆ మాట అబద్ధమని చెప్పేందుకు అవసరమైన తెలుగు నా దగ్గర అప్పుడు లేదు. పైనుండి తాళం అందకపోయినా, క్రింది కణాలు తమ అందాజుకు తాము మెల్లగా కొట్టాయి. నేను నానార్థాలు వివరిస్తూ కూర్చున్న పద్దెనిమిది రోజులూ బిడ్డను బ్రతికించినది ఆ కణాల స్వధర్మం.

డబ్బు లేక ఆలస్యమైతే అది వేరే సంగతి. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి విడతలో తీసుకొన్న మూడు జిల్లాలు అనంతపురం, శ్రీకాకుళం, మా మహబూబ్‌నగర్. అప్పటికి ఆత్మకూర్ ఆ జిల్లాలోనిదే. వనపర్తి జిల్లా 2016లో వచ్చింది. కనుక 2009లో ఆ కుటుంబానికి తెల్లకార్డు ఉన్నది, పథకం ఉన్నది, హైదరాబాదులో చేతనైన వైద్యులున్నారు. కొరవడినది మాట. ప్రభుత్వం పైకం ఇచ్చింది. మాట ఇవ్వవలసినవాళ్ళం మేము, తెలుగు చదువుకొని జీతం తీసుకొన్నవాళ్ళం.

సంస్కృతం లేకపోతే శాస్త్రం చెప్పలేమనే మిత్రులు నాకున్నారు. వాళ్ళ వాదంలో సారం లేకపోలేదు. పరిశోధన గ్రంథానికి కచ్చితమైన పరిభాష కావాలి, 'వింత తూము' అని సిద్ధాంత వ్యాసం వ్రాయలేము. సంస్కృత పదమైతే కన్నడిగునికీ మరాఠీవానికీ కూడ అర్థమవుతుందని మరొక మాట. అవుతుంది, చదువుకొన్నవానికి. మా బాల్యంలో సంస్థాన పండితుల కథలు వింటూ పెరిగాం. అమరచింత సంస్థానానికి రాజధాని మా ఊరే కదా. సమాసం ఎంత దీర్ఘమైతే అంత మెప్పు. ఆ మెప్పు నాకూ ఇష్టమే, అవధాన సభలో ఇప్పటికీ ముందు వరుసలో కూర్చుంటాను. ఆసుపత్రి వరండా అవధాన సభ కాదు.

హృదయ శబ్దంలో 'హృ' అంటే తీసుకొనుట, 'ద' అంటే ఇచ్చుట, కనుక రక్తప్రసరణ మన పూర్వులకు తెలుసుననే వాదం ఒకటి మా పండితులలో తిరుగుతుంటుంది. బృహదారణ్యకంలో ఆ అక్షర విభాగం ఉన్నమాట నిజం. అక్కడ ప్రస్తావన ఉపాసనకు సంబంధించినది, రక్తానికి కాదు. మన భాషను గూర్చి గర్వించాలంటే ఆ ముసలమ్మ 'లయ'ను పట్టుకొన్న తీరు చాలు. ఒక పాఠ్యపుస్తకంలో ఇన్నేళ్ళుగా ఉన్న మాటలో ఏ పండితునికీ కనబడని అపశకునం ఆమెకు ఒక్క క్షణంలో కనబడింది. మాటను పరీక్షించవలసినది అటువంటి చెవుల మీద.

చేసి చూపినవాళ్ళు లేకపోలేదు. 2012లో మనలను విడిచిపోయిన కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు అణుభౌతిక శాస్త్రజ్ఞులైనా జీవశాస్త్రాన్ని వాకిట్లో కూర్చొని మాట్లాడినట్లు వ్రాశారు. వేమూరి వేంకటేశ్వరరావుగారు అమెరికాలో ఉండి తెలుగు మాటలకోసం చేసిన కృషి మీకు తెలిసినదే. కూడలి ఉన్న రోజులలో మనమందరం సాఫ్టువేరును ఏమనాలని, డౌన్‌లోడును ఏమనాలని రాత్రుళ్ళు తర్కించుకొన్నాం. అందులో పదోవంతు శ్రద్ధ ఆసుపత్రి కాగితం మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది! కంప్యూటరు మాట అర్థం కాకపోతే మనిషి మీట నొక్కడు, అంతే. ఈ కాగితం అర్థం కాకపోతే బిడ్డను ఇంటికి తీసుకొనిపోతాడు. అర్థమైనా కాకపోయినా వేలిముద్ర వేస్తే, అది అనుమతి ఎట్లా అవుతుంది? పారవేసే ఆ చిన్న ముక్కను పరిశోధనకు అడిగేటప్పుడు కూడ ఇదే ప్రశ్న.

నా అభిప్రాయం ఇది. గుండె జబ్బుల ఆసుపత్రులు అనుమతి పత్రంతో పాటు ఒక పుట తెలుగు కాగితం ఇవ్వాలి. దానిని వైద్యుడు, తెలుగు తెలిసినవాడు, ఒక నర్సమ్మ కలిసి వ్రాయాలి. వ్రాసిన తర్వాత చదువురాని పెద్దమనిషి ఎవరికైనా చదివి వినిపించి, వారు తిరిగి చెప్పిన మాటలతో దిద్దాలి. పేస్‌మేకర్‌ను పేస్‌మేకర్ అనే అనవచ్చు, ఆ మాట ఊళ్ళలో స్థిరపడింది. హార్ట్ బ్లాక్‌ను మాత్రం అట్లా వదలరాదు. 'తాళం తెగడం' అనవచ్చునేమో. తాళమంటే తలుపు తాళం కూడ కదా అని ఒక మిత్రుడు అప్పుడే ఆక్షేపించాడు. ఆలోచించవలసినదే. అట్లాంటి కాగితం ఒకటి నేను వ్రాయడం మొదలుపెట్టి నాలుగు మార్లు చించివేశాను. అయిదవది నర్సమ్మ దగ్గర ఉన్నది. ఆమె ఎర్ర సిరాతో కొట్టివేసిన మాటలలో ఎనిమిది నా సంస్కృతం, రెండు ఇంగ్లీషు.

ఆ పిల్లవాడు ఇప్పుడు కాలేజీకి పోతున్నాడు. పసితనంలో పొట్ట చర్మం క్రింద పెట్టిన పెట్టెను ఇప్పటికి రెండు మార్లు మార్చారు. ప్రపంచంలో మొదటిసారి 1958లో స్వీడనులో ఆర్నే లార్సన్ అనే ఆయనకు దేహంలోపల అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసిందట. ఆయనకు తర్వాత రెండు డజన్లకు పైగా మార్చారు. ఆయన 86 యేండ్లు బ్రతికి, 2001లో, గుండెకు సంబంధం లేని జబ్బుతో పోయాడు. ఈ సంగతి చెబితే మా వాడు నవ్వి, "అయితే నాకు ఇంకా చాలా బాకీ ఉన్నయి సార్" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ ఇప్పుడు లేదు. పోయే ముందటి యేడు ఒకసారి మనుమని పొట్ట మీద చేయి పెట్టి, "ఇగ లోపల ఎవరు కొడుతున్నరు సారూ, మిషినా, పోరడా?" అని అడిగింది. మిషిను పిలుస్తుంది అవ్వా, కొట్టుకొనేది వాడే, అన్నాను. ఈసారి ఆమె మరేమీ అడగలేదు.